నాలుగు మ్యాచ్‌లకే తీర్పు రాయకండి: తెలుగు క్రీడా సంపాదకులకు బహిరంగ లేఖ

తిరుపతి

తెలుగు పత్రికల క్రీడా పేజీలు దిద్దే సంపాదకులకు, మ్యాచ్ ముగియగానే టీవీల్లో విశ్లేషణకు కూర్చునే వ్యాఖ్యాతలకు,

నేను తిరుపతిలో అమ్మాయిలకు స్పిన్ బౌలింగ్ నేర్పుతాను. పొద్దున్నే గ్రౌండుకు వచ్చే మా పిల్లలు మీ పేజీలు చదువుతారు, మీ చర్చల ముక్కలు ఫోన్లలో చూస్తారు. మీరు ఎవరిని మెచ్చుకుంటే మరుసటి రోజు నెట్స్‌లో వాళ్లలా వేయాలని చూస్తారు. మీరు ఎవరిని తీసిపారేస్తే వాళ్ల పేరెత్తడం మానేస్తారు. మీ మాటకు ఇంత బలం ఉంది కాబట్టే ఈ విన్నపం. జట్టులోకి కొత్తగా వచ్చిన ఆటగాళ్ల తొలి మ్యాచ్‌లను మనం తూచే పద్ధతి సరిగా లేదు. వికెట్లు, పరుగులు, గెలుపోటములు చూసి తీర్పు రాసేస్తున్నాం. వాళ్లకు అప్పగించిన పనేమిటి, ఆ పని ఎంత కష్టం, దాన్ని ఎంతవరకు చేశారు అన్నది అడగడం లేదు. ఈ తొందర పొగడ్తలోనూ ఉంది, తెగడ్తలోనూ ఉంది. రెండూ కొత్తవాళ్లకు చేటే.

విశాఖపట్నంలో 2025 అక్టోబర్ 12న జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌నే తీసుకోండి. భారత మహిళల జట్టు 330 పరుగులు చేసింది. ఆస్ట్రేలియా ఒక ఓవర్ మిగిలి ఉండగానే 331 కొట్టేసింది. మహిళల వన్డేల్లో అప్పటిదాకా ఎవరూ అంత లక్ష్యాన్ని ఛేదించలేదు. అలీసా హీలీ 142 పరుగులు చేసింది. మ్యాచ్ అయ్యాక మాటలన్నీ హీలీ గురించి, చేతులెత్తేసిన మన బౌలింగ్ గురించి.

కానీ ఆ ఓటమిలోనే ఒక స్పెల్ ఉంది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె నుంచి వచ్చిన నల్లపురెడ్డి శ్రీ చరణి 10 ఓవర్లు వేసి 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. మిగతా 39 ఓవర్లలో ఆస్ట్రేలియాకు 290 పరుగులు వచ్చాయి. అంటే మిగతావాళ్లు ఓవర్‌కు ఏడున్నర దాకా ఇస్తున్న చోట చరణి నాలుగు చొప్పున ఇచ్చింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. తొలి వన్డే ఆడింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, కొలంబోలో.

ఇంకొంచెం దగ్గరికి వెళ్దాం. ఆ రోజు చరణి తీసిన వికెట్లలో ఒకటి ఓపెనర్ ఫోబీ లిచ్‌ఫీల్డ్‌ది. లిచ్‌ఫీల్డ్ ఎడమచేతి బ్యాటర్. లెఫ్టామ్ స్పిన్నర్ వేసే బంతి కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా తిరుగుతుంది. ఎడమచేతి బ్యాటర్‌కైతే లోపలికి, సరిగ్గా బ్యాట్ ఊపే దారిలోకే వస్తుంది. అందుకే ఎడమచేతి బ్యాటర్ క్రీజులో కుదురుకున్నప్పుడు లెఫ్టామ్ స్పిన్నర్‌కు బంతి ఇవ్వడానికి చాలామంది కెప్టెన్లు వెనకాడతారు. హీలీ, లిచ్‌ఫీల్డ్ తొలి వికెట్‌కే 85 పరుగులు జోడించి ఊపు మీద ఉన్నప్పుడు ఆ జోడీని విడగొట్టింది లెఫ్టామ్ స్పిన్నరైన చరణే. ఆ తర్వాత హీలీ వికెట్ కూడా ఆమెదే. పాయింట్‌లో స్నేహ్ రాణా డైవ్ చేసి క్యాచ్ అందుకుంది. ఆ మ్యాచ్‌లో అన్నిటికన్నా కష్టమైన పనులు కొత్తమ్మాయికి అప్పగించారు, ఆమె చేసి చూపించింది. జట్టు ఓడింది కాబట్టి ఆ పని చిన్నదైపోదు.

వారం తిరిగేసరికి, అక్టోబర్ 19న ఇండోర్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్. చరణి 2 వికెట్లు తీసి 68 పరుగులిచ్చింది. ఇంగ్లండ్ 50 ఓవర్లలో చేసింది 288, అంటే ఓవర్‌కు ఆరులోపే. అలాంటి మ్యాచ్‌లో ఆమె ఓవర్‌కు ఏడు దాకా ఇచ్చింది. మనం 4 పరుగుల తేడాతో ఓడాం. అక్టోబర్ 30న నవీ ముంబైలో ఆస్ట్రేలియాతో సెమీఫైనల్. అందులోనూ చరణికి 2 వికెట్లే. కానీ ఆస్ట్రేలియా 338 కొట్టిన ఆ రోజు ఆమె 10 ఓవర్లలో ఇచ్చింది 49. మనవాళ్లు ఆ లక్ష్యాన్ని ఛేదించి, విశాఖలో ఆస్ట్రేలియా పెట్టిన రికార్డును దాటేశారు. జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్ అందరికీ గుర్తుంది, గుర్తుండాలి కూడా. మరి లక్ష్యం 360 దాటకుండా ఆపిన ఓవర్లు ఎవరివి?

వికెట్ల వరుస ఒక్కటే చూస్తే ఇండోర్‌లో 2, సెమీఫైనల్లో 2. రెండూ ఒకటే అనిపిస్తాయి. బౌలింగ్ తెలిసినవాళ్లకు ఆ రెంటికీ పోలికే లేదు. ఇండోర్‌లో ఆమెది మంచి రోజు కాదు. ఆ మాట నిర్మొహమాటంగా రాయాలి. కొత్తవాళ్ల తప్పులు దాచమని నేనడగడం లేదు. ఏ లెంగ్త్‌లో వేసి దెబ్బతింది, ఫీల్డ్ ఎలా పెట్టారు, దెబ్బ తగిలాక ఏం మార్చింది, ఏం మార్చలేదు అన్నది రాస్తే ఆ విమర్శ ఆమెకూ పనికొస్తుంది, మా పిల్లలకూ పాఠమవుతుంది. ‘ధారాళంగా పరుగులిచ్చింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

పొగడ్తకూ ఇదే తూకం వర్తించాలి. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్‌తో చరణి తొలి అంతర్జాతీయ టీ20 ఆడింది. 12 పరుగులిచ్చి 4 వికెట్లు. అద్భుతమైన అరంగేట్రం, సందేహం లేదు. అయితే స్మృతి మంధాన సెంచరీతో ఆ రోజు మన స్కోరు 210కి చేరింది. 211 కొట్టాల్సిన జట్టు ప్రతి ఓవర్‌లోనూ గాల్లోకి కొట్టాల్సిందే, వికెట్లు రాలడానికి వీలెక్కువ. ఈ సంగతి చెబితే ఆమె గొప్పదనం తగ్గదు. చెప్పకపోతే మాత్రం తర్వాతి మ్యాచ్‌లో వికెట్ దొరకనప్పుడు ‘మెరుపు తగ్గింది’ అనే మాట వచ్చేస్తుంది. నన్నడిగితే నాటింగ్‌హామ్ 4 వికెట్లకన్నా ఆ సిరీస్ మొత్తం మీద తీసిన 10 వికెట్లు ఎక్కువ చెబుతాయి. అవే బ్యాటర్లు, ఐదు మ్యాచ్‌లు. ఆమె బౌలింగ్‌ను వీడియోల్లో చూసి సిద్ధమై వచ్చారు. అయినా సిరీస్ ఉత్తమ క్రీడాకారిణి ఆమే.

తొలి ఆట రెండు వైపులా మోసం చేస్తుందని క్రికెట్ చరిత్ర ఎన్నోసార్లు చెప్పింది. మన తిరుపతి నుంచి బస్సెక్కితే పూట గడవకముందే చేరే చెపాక్‌లో 1988 జనవరిలో నరేంద్ర హిర్వాణీ తొలి టెస్ట్ ఆడాడు. వెస్టిండీస్‌పై 136 పరుగులిచ్చి 16 వికెట్లు. పిచ్ గిర్రున తిరిగింది, బ్యాటర్లు ముందుకు దూకి దూకి అవుటయ్యారు, కిరణ్ మోరే రెండో ఇన్నింగ్స్‌లోనే 5 స్టంపింగ్‌లు చేశాడు. ఆ ఒక్క మ్యాచ్‌తో హిర్వాణీ మీద పడిన అంచనాల బరువు ఏ బౌలరూ మోయగలిగింది కాదు. మొత్తం 17 టెస్టుల్లో 66 వికెట్లతో అతని టెస్ట్ కథ ముగిసింది. నాలుగేళ్ల తర్వాత, 1992 జనవరిలో సిడ్నీలో మనమీదే ఇంకో లెగ్ స్పిన్నర్ తొలి టెస్ట్ ఆడాడు. 150 పరుగులిచ్చి 1 వికెట్. ఆ రోజు స్కోరుకార్డు చూసి తీర్పు రాసినవాళ్లు షేన్ వార్న్‌ను ఇంటికి పంపేసేవారు. అతను 708 టెస్ట్ వికెట్లు తీశాడు.

క్రికెట్ దాటి చూసినా అంతే. తిరుపతి, చిత్తూరు నుంచి పిల్లలు అమెరికా వెళ్లిన ఇళ్లు ఇప్పుడు వీధికొకటి ఉన్నాయి. వాళ్లనడిగితే చెబుతారు, అక్కడి ఫుట్‌బాల్‌లో సెప్టెంబర్ వచ్చిందంటే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ల మీద ఎంత రచ్చ జరుగుతుందో. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, ఎదుటివాళ్లు మీద పడేలోపు ఎవరికి విసరాలో తేల్చుకునే ఆటగాడు. జట్టు ఆటంతా అతని చేతిమీదుగా నడుస్తుంది. 1998లో ఇండియానాపోలిస్ జట్టులోకి వచ్చిన పేటన్ మ్యానింగ్ తొలి సీజన్‌లో 28 సార్లు బంతిని ప్రత్యర్థుల చేతికి విసిరాడు. జట్టు 16 మ్యాచ్‌లలో 3 గెలిచింది. ఆ రెండు అంకెలే చూస్తే వైఫల్యం. కానీ అదే సీజన్‌లో అతని పాస్‌లతో 26 టచ్‌డౌన్‌లు వచ్చాయి. కోచ్‌లు అతన్ని పక్కన పెట్టకుండా ఆడించారు. మరుసటి ఏడాదే ఆ జట్టు 13 గెలిచింది. అక్కడి ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను అతను రెండుసార్లు గెలిచాడు.

2012లో వాషింగ్టన్ జట్టుకు వచ్చిన రాబర్ట్ గ్రిఫిన్ కథ ఇంకో రకం. తొలి సీజన్‌లోనే దేశమంతా అతని పేరే. ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతీ అతనికే. ఆ సీజన్ చివర, మోకాలు బాగాలేకున్నా కీలకమైన మ్యాచ్‌లో మైదానంలో ఉన్నాడు. మోకాలు పూర్తిగా దెబ్బతింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఆట అతనికి తిరిగి రాలేదు. మొదటి ఏడాదే దేవుణ్ని చేసేస్తే, ఆ ఆటగాడికి విశ్రాంతి ఇవ్వాలన్నా జట్టుకు ధైర్యం చాలదు. ఇరవై రెండేళ్లు నిండని బౌలర్లను నెత్తిన పెట్టుకునేటప్పుడు మనం గుర్తుంచుకోవాల్సింది ఇదే.

మన తెలుగు ఆటగాళ్లనే చూడండి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో 114 పరుగులు చేసినప్పుడు ఆకాశానికెత్తాం. ఆ సిరీస్‌లో అతను చేసిన 298 పరుగుల్లో ఆ సెంచరీ కన్నా నన్ను ఆకట్టుకున్నది పెర్త్, అడిలైడ్. తొలి రెండు టెస్టుల్లో నాలుగు ఇన్నింగ్స్: 41, 38 నాటౌట్, 42, 42. జట్టు 150కే ఆలౌటైన పెర్త్ తొలి ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువ పరుగులు ఆ కుర్రాడివే. ఒక్కటీ అర్ధశతకం కాదు కాబట్టి అవి శీర్షికలకు ఎక్కేవి కావు. 2025 ఐపీఎల్ సరిగా ఆడకపోయేసరికి, ‘ఒక్క ఇన్నింగ్స్ ఆటగాడు’ అన్న మాట వినబడింది. పెర్త్, అడిలైడ్ ఇన్నింగ్స్‌లను ముందే సరిగా చదివి ఉంటే ఆ మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

వికెట్‌కీపర్ కె.ఎస్.భరత్ సంగతి చూడండి. 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో తొలి టెస్ట్. బ్యాట్‌తో 8 పరుగులు. కానీ జడేజా బంతి గిర్రున తిరుగుతున్న ఆ పిచ్ మీద, స్మిత్‌తో కలిసి నిలదొక్కుకున్న లబుషేన్‌ను 49 దగ్గర స్టంప్ చేశాడు. ఆ జోడీ విడిపోయాకే ఆస్ట్రేలియా కూలింది. వికెట్‌కీపర్‌ను తీసుకున్నది దేనికి? ఆ పని ఎలా చేశాడన్నది మొదట రాసి, పరుగుల సంగతి తర్వాత రాయాలి కదా.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికి వస్తాను. చరణికి రెండేళ్ల ముందు, 2023 జులైలో, రాయలసీమ నుంచే ఇంకో లెఫ్టామ్ స్పిన్నర్ భారత జట్టుకు ఆడింది. అనంతపురం జిల్లా బారెడ్డి అనూష. బంగ్లాదేశ్ పర్యటన అది. తర్వాత ఆమెకు జట్టులో చోటు నిలవలేదు. సెలెక్టర్ల నిర్ణయాన్ని నేను తప్పుబట్టడం లేదు, వాళ్లకు వాళ్ల లెక్కలుంటాయి. నేనడిగేది మిమ్మల్ని. ఆ కొద్ది మ్యాచ్‌లలో అనూష ఏ ఓవర్లు వేసింది, ఎలా వేసింది, దేనిలో మెరుగుపడాలి అని తెలుగులో ఎన్ని విశ్లేషణలు వచ్చాయి? ఎంపికైన రోజు అమ్మానాన్నల ఫోటో, పల్లెలో పంచిన మిఠాయిలు. ఆ తర్వాత మౌనం. పక్క పక్క జిల్లాల నుంచి ఒకే రకం బౌలింగ్‌తో వచ్చిన ఇద్దరు అమ్మాయిలు. ఒకరి పేరు ప్రతి ఇంట్లో తెలుసు, ఒకరి పేరు మా గ్రౌండులో పిల్లలకే నేను చెప్పాల్సి వచ్చింది. తొలి మ్యాచ్‌లు అదృష్టం కలిసొచ్చి వెలిగితేనే గుర్తుపెట్టుకుంటామని ఆ పిల్లలకు మనం నేర్పుతున్నట్టే.

మా గ్రౌండులో నేను కొత్త స్పిన్నర్‌ను ఎలా చూస్తానో చెబుతాను. మొదట చూపుడు వేలు పక్కన చూస్తాను. నిజంగా బంతిని తిప్పే పిల్లకు అక్కడ చర్మం గట్టిపడి కాయ కాస్తుంది. కాయ లేకపోతే ఆ పిల్ల బంతిని తిప్పడం లేదు, ఊరకే వదిలేస్తోందని అర్థం. తర్వాత, పెద్దపిల్లల చేత రెండు సిక్సర్లు కొట్టిస్తాను. కొట్టించుకున్న తర్వాతి బంతే నాకు ముఖ్యం. చాలామంది రనప్ వేగం పెంచేస్తారు, చెయ్యి కిందికి జారుతుంది, బంతి ఫ్లాట్‌గా, షార్ట్‌గా పడుతుంది. ఇంకో సిక్సర్. ఏ కొందరో మళ్లీ అదే అడుగులతో వచ్చి, కంటిపైకి బంతిని లేపి, ఒక జానెడు వెనక్కి వేస్తారు. ఆ రోజు వాళ్లకు వికెట్ దొరక్కపోవచ్చు. నా లెక్కలో వాళ్లు పాసయ్యారు. చరణి ఇండోర్‌లో దెబ్బతిన్నాక సెమీఫైనల్లో వేసిన 10 ఓవర్లను నేను పిల్లలకు చూపించేది కూడా ఇందుకే.

ఒక రోజు మా దగ్గర ఎనిమిదో తరగతి చదివే పాప ఒకతి ఆట అయ్యాక సైకిల్ పట్టుకుని నిలబడి అడిగింది: “మేడమ్, రెండు మ్యాచ్‌లైనా నాకు వికెట్ పడలేదు. ఇంగ నన్ను ఆడించరు కదా?” ఆ మాట ఆ పాప సొంతంగా కనిపెట్టింది కాదు. పెద్దవాళ్ల మాటల్లో, టీవీ చర్చల్లో విని నేర్చుకున్నది.

అందుకే మీకు కొన్ని విన్నపాలు.

మొదటిది, అంకె పక్కన సందర్భం రాయండి. బౌలర్ 10 ఓవర్లలో 41 ఇచ్చిందని రాసేటప్పుడు, మిగతావాళ్లు ఓవర్‌కు ఎంతిచ్చారో పక్కనే ఒక్క ముక్క రాయండి. పవర్‌ప్లేలో వేసిందా, చివరి ఓవర్లలో వేసిందా, ఎదురుగా ఎవరున్నారు? మంచు కురిసి బంతి చేతిలోంచి జారుతున్న రాత్రి వేసిన ఓవర్లూ, పొడి పిచ్ మీద మధ్యాహ్నం వేసిన ఓవర్లూ ఒకటి కావు. ఇదంతా స్కోరుకార్డులో, బంతి బంతికీ వచ్చే వివరాల్లో దొరికేదే.

రెండోది, అదే జట్టుతో రెండోసారి ఆడేదాకా పెద్ద తీర్పులు ఆపండి. కొత్త బౌలర్‌ను మొదటిసారి ఎవరూ సరిగా చదవలేరు. రెండోసారి వచ్చేటప్పటికి ప్రత్యర్థులు వీడియోలు చూసి వస్తారు. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. చరణి ఆస్ట్రేలియాను 18 రోజుల తేడాతో రెండుసార్లు ఎదుర్కొని, రెండుసార్లూ జట్టులో అందరికన్నా పొదుపుగా వేసిన వాళ్లలో ఉంది. ప్రపంచకప్‌లో 9 మ్యాచ్‌లలో ఆమె తీసిన 14 వికెట్లకన్నా, మన జట్టులో దీప్తి శర్మ తర్వాతి స్థానంకన్నా, ఈ రెండోసారి నిలబడటమే ఆమె గురించి ఎక్కువ చెబుతుంది. పాకిస్తాన్‌తో మ్యాచ్‌లో ఆమెకు వికెట్టే దొరకలేదని కూడా అప్పుడే గుర్తుచేయండి. అలాంటి రోజులు కూడా కలిపే ఆ 14.

మూడోది, బహుమతులకన్నా బంతికి ఎక్కువ చోటివ్వండి. ప్రపంచకప్ గెలిచాక రాష్ట్ర ప్రభుత్వం చరణికి 2.5 కోట్ల రూపాయలు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. సంతోషమే, ఆ గౌరవానికి ఆమె తగినదే. కానీ మా పిల్లలకు ఆ అంకెలు నోటికొచ్చు, విశాఖలో ఆమె వేసిన 10 ఓవర్లు తెలియవు. ఆ తేడా మీ పేజీల్లో తగ్గితే చాలు.

నాలుగోది, ‘ఇంకో మిథాలీ’, ‘రెండో కపిల్’ లాంటి బిరుదులు తొలి సీజన్‌లో ఇవ్వకండి. విశాఖ స్టేడియంలో 2025 అక్టోబర్‌లో మిథాలీ రాజ్ పేరుతో, మన రావి కల్పన పేరుతో స్టాండ్లు పెట్టారు. మిథాలీ రెండు దశాబ్దాలు ఆడింది, కల్పన ఆడినవి 7 వన్డేలు. ఇద్దరి పేర్లూ ఒకే స్టేడియంలో ఉండటం నాకు చాలా నచ్చింది. పొడుగాటి కెరీర్‌ ఒక్కటే గౌరవానికి అర్హత కాదని అక్కడ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు రాతల్లోకి కూడా రావాలి.

అయిదోది, అన్నిటికన్నా ముఖ్యమైంది. ఆంధ్రా అమ్మాయిల దేశవాళీ మ్యాచ్‌లకు విలేకరిని పంపండి. ప్రతి మ్యాచ్‌కూ వీలుకాకపోతే సీజన్‌లో కొన్నిటికైనా. ఫాస్ట్ బౌలింగ్‌తో మొదలుపెట్టిన చరణి స్పిన్‌కు మారినప్పుడు, ఆ మార్పును దగ్గరుండి చూసి రాసినవాళ్లుంటే, నాటింగ్‌హామ్‌లో ఆమె వికెట్లు తీసినప్పుడు అది ఆకస్మికమని ఎవరూ అనుకునేవారు కాదు. తొలి సీజన్‌ను సరిగా తూచాలంటే అంతకుముందు ఏళ్లు తెలిసుండాలి. దారిలో ఎక్కడా చూడకుండా గమ్యం దగ్గర నిలబడి నడకను అంచనా కట్టలేం.

రేపు పుంగనూరు నుంచో, శ్రీకాళహస్తి నుంచో, పలమనేరు నుంచో ఒక అమ్మాయి భారత జట్టులోకి వస్తుంది. వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. తొలి నాలుగు మ్యాచ్‌లలో ఆమెకు ఒక్క వికెట్ కూడా దక్కకపోవచ్చు. అయినా కష్టమైన ఓవర్లు వేసి ఉంటుంది, మంచి బ్యాటర్లను కట్టేసి ఉంటుంది, అవతలి ఎండ్‌లో బౌలర్‌కు వికెట్లు ఇప్పించి ఉంటుంది. ఆ రోజు మీ పేజీలో ఆమె గురించి రెండు పేరాలు ఉండాలి. ఆమె ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో తెలిసిన మనిషి కూర్చుని రాసినవి అయ్యుండాలి. ఆ రెండు పేరాలు రాయడం మొదలుపెట్టండి. చదవడానికి మా పిల్లలు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక క్రికెట్ శిక్షకురాలు